ముగ్గురు మనుషులు, ఒకటిన్నర రోజు – విద్యార్థి లఘుచిత్ర నిర్మాణం

కళలన్నింటిలోను చలనచిత్రం పిన్న వయస్సుది. సాహిత్య సంగీత శిల్పాలకు వేల ఏండ్ల చరిత్ర ఉండగా దీనికి ఉన్నది నూట ముప్పది ఏండ్ల చరిత్ర మాత్రమే. అయినను ఇది అన్ని కళలకంటె ఎక్కువమంది చేతులను, ఎక్కువ ధనాన్ని కోరుకొనే కళ అని లోకంలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయినది. చిత్రం ముగిసిన తరువాత తెరమీద పైకి ప్రాకే పేర్ల పట్టికను చూచిన వారికి ఆ అభిప్రాయం కలుగుట సహజమే. దానిని చూచి విద్యార్థి నిరుత్సాహపడతాడు. "మనకు మనుషులు లేరు, సమయం లేదు, సామగ్రి లేదు. మన వల్ల ఏమవుతుంది?" అని ఊరుకుంటాడు.

ఆ అభిప్రాయంలో సగమే నిజమున్నది. మనుషులు, సమయం తక్కువైన చోట పెద్ద చిత్రం తీయలేము, నిజమే. కాని ఆ తక్కువతనాన్ని చిత్రీకరణ రోజున తలచుకొని బాధపడుట వేరు, కథ ఎంచుకొనే రోజుననే లెక్కలోనికి తీసుకొనుట వేరు. రెండవ విధంగా నడచుకొన్న విద్యార్థికి చిన్న చిత్రం అందని పండు కాదని చెప్పుటయే ఈ వ్యాసం ఉద్దేశ్యం. ఇది పుస్తకాలలో చదివిన మాట మాత్రమే కాదు. గత విద్యా సంవత్సరం చివర మేము ముగ్గురం విద్యార్థులం ఒకటిన్నర రోజులో నాలుగు నిమిషాల చిత్రం ఒకటి తీశాము. అందులో కొంత నేర్చుకొన్నాము. ఒక విషయంలో మాత్రం మరల దిద్దుకొనుటకు వీలులేని పొరపాటు చేశాము. రెండూ ఇక్కడ చెప్పుతాను.

ఒక్క మనిషితో మొదలైన కళ

ఫ్రాన్సు దేశపు లూమియేర్ సోదరులు 1895 డిసెంబరు 28న పారిస్ నగరంలోని గ్రాండ్ కఫేలో టిక్కెట్టు పెట్టి పది చిన్న చిత్రాలను ప్రదర్శించారు. ఒక్కొక్కటి సుమారు ఒక నిమిషం లోపలిదే. వారి యంత్రం చేతితో త్రిప్పేది. కెమెరా అదే, ప్రింటు తీసే సాధనం అదే, ప్రొజెక్టరు అదే. కనుక ఒక్క మనిషి ఆ పెట్టెను మోసుకొనిపోయి చిత్రం తీసి చూపగలిగేవాడు. మరుసటి సంవత్సరం 1896 జూలై 7న బొంబాయిలోని వాట్సన్ హోటలులో మన దేశీయులు చూచిన తొలి చిత్రాలు ఇట్టివే. అనగా చలనచిత్రం పుట్టినప్పుడు పరివారం లేకుండానే పుట్టినది. పరివారం తరువాత చేరినది.

చేరిన తరువాత కూడ ఏకాంతంగా పనిచేసినవారు ఉన్నారు. 1943లో మాయా డెరెన్ అనే యువతి తన భర్త అలెగ్జాండర్ హామిడ్‌తో కలిసి లాస్ ఏంజెలిస్ నగరంలో తమ ఇంటిలోనే పదునాలుగు నిమిషాల మూగచిత్రం ఒకటి తీసినది. మెట్లు, కిటికీ, తాళంచెవి, కత్తి – ఇవే అందులోని సామగ్రి. నేడు ప్రపంచ ప్రసిద్ధుడైన క్రిస్టఫర్ నోలన్ తన మొదటి పెద్ద చిత్రం 'ఫాలోయింగ్'ను, 1998లో విడుదలైన దానిని, ఉద్యోగాలు చేసుకొనే మిత్రులతో శనివారాలలో మాత్రమే చిత్రీకరిస్తూ సుమారు ఒక సంవత్సరంలో పూర్తిచేశాడు. కెమెరా తానే పట్టినాడు. ఫిల్ము ఖరీదైనది కనుక నటులచేత ముందుగానే బాగుగా అభ్యాసం చేయించి, ఒకటి రెండు టేకులలోనే షాటు ముగించేవాడు.

మన ప్రాంతపు ఉదాహరణ కూడ ఉన్నది. సికింద్రాబాదు తిరుమలగిరిలో 1934లో జన్మించిన శ్యామ్ బెనెగళ్ పన్నెండవ ఏట, ఛాయాచిత్రకారుడైన తన తండ్రి ఇచ్చిన కెమెరాతో తొలి చిత్రం తీసినారు. 1974లో 'అంకుర్' చిత్రంలో దక్కనీ పలుకును దేశానికంతటికి వినిపించిన ఆయన ప్రయాణం ఆ ఇంటి కెమెరాతోనే మొదలైనది.

మొదట వ్రాసిన కథ, తరువాత దొరికిన కథ

మా సంగతికి వస్తాను. మాలో ఒక మిత్రుడు ఎంతో శ్రమపడి పదునాలుగు పుటల స్క్రిప్టు వ్రాసినాడు. అందులో బస్ స్టాండు ఉన్నది, వర్షం ఉన్నది, పోలీసు స్టేషను ఉన్నది, పన్నెండుమంది పాత్రలున్నారు. సామాన్యంగా స్క్రిప్టులో ఒక పుట తెరమీద ఒక నిమిషానికి సమానమని అంటారు. ఆ లెక్కన అది పదునాలుగు నిమిషాల చిత్రం. దానిని తీయుటకు మేము ముగ్గురం చాలము. వర్షం మా మాట వినదు. నెల రోజులు ఆ కథను పట్టుకొని తిరిగి, ఒక్క షాటు కూడ తీయకుండానే వదిలిపెట్టినాము.

ఆ సమయంలోనే ఒక వార్త తెలిసినది. మా కళాశాలలో గంట కొట్టే అటెండరు, మేమందరం చాచా అని పిలిచే పెద్దమనిషి, రెండు రోజులలో పదవీ విరమణ చేయనున్నారు. ఆయన ముప్పదియొక్క సంవత్సరాలుగా వేపచెట్టు కొమ్మకు వ్రేలాడే రైలు పట్టా ముక్కను ఇనుప కడ్డీతో మోగిస్తున్నారు. ఆయన వెళ్ళిన తరువాత విద్యుత్ గంట పెట్టుదురని కూడ తెలిసినది. ఇక ఆ చప్పుడు వినబడదు. మేము అడుగగా చాచా మొదట నవ్వినారు, తరువాత ఒప్పుకొన్నారు. మాకు మిగిలినది ఒక మధ్యాహ్నం, ఒక పూర్తి రోజు.

ఇక్కడ మొదటి సూత్రం చెప్పవలెను. కథ వ్రాయుటకు ముందే చేతిలో ఉన్నవాటి పట్టిక వ్రాయవలెను. మనుషులెందరు? ఏ ఏ స్థలాలలోనికి అడిగితే పోనిస్తారు? ఏ వస్తువులు దొరుకుతాయి? వెలుతురు ఎన్ని గంటలవరకు ఉంటుంది? ఆ పట్టికలో లేనిది కథలో ఉండరాదు. మా పట్టికలో ఉన్నవి ఇవి: ఒక మనిషి, ఒక గంట, ఒక తాళాల గుత్తి, ఒక వసారా. ఇరాన్ దేశపు దర్శకుడు అబ్బాస్ కియరోస్తమీ తొలి చిత్రం 'రొట్టె, సందు' (1970) చూచినవారికి ఈ సూత్రం ఇంకను బాగుగా తెలుస్తుంది. రొట్టె తీసుకొని ఇంటికి పోయే ఒక బాలుడు, దారికి అడ్డమైన ఒక కుక్క, ఒక సన్నని సందు – సుమారు పది నిమిషాల చిత్రానికి ఇంతకు మించిన కథ లేదు. మాటలు కూడ లేవు. కాని ఆ బాలుని భయం చూచి మన గుండె కొట్టుకొంటుంది. "ఇతడు దాటగలడా?" అన్న ఒక్క ప్రశ్న చిత్రాన్ని నిలిపినది. మా ప్రశ్న ఇంకను చిన్నది: "చివరి గంట కొట్టేటప్పుడు ఈయన ఏమి చేస్తారు?"

కాగితంమీద చిత్రీకరణ

సమయం తక్కువైనవానికి కాగితం మంచి సహాయకుడు. ఆ రాత్రి మేము కూర్చొని ఇరువదినాలుగు షాట్ల పట్టిక తయారుచేశాము. కథ నడిచే వరుసలో కాక, స్థలం వరుసలో వ్రాసినాము. వేపచెట్టు క్రింద తీయవలసినవన్నీ ఒక చోట, వసారాలో తీయవలసినవన్నీ మరొక చోట. ఏలనన, స్థలం మారిన ప్రతిసారి సామాను సర్దుకొని, వెలుతురు చూచుకొని, నిలుచుండే చోటు నిర్ణయించుకొనుటకు మాకు సుమారు అరగంట పట్టినది. నాలుగుసార్లు అనవసరంగా స్థలం మారిస్తే రెండు గంటలు పోయినట్లే.

తప్పనిసరి షాట్లకు ఎఱ్ఱ సిరాతో గుర్తు పెట్టినాము. అవి తొమ్మిది. ఏది తప్పిపోయినా చివరి గంట మాత్రం తప్పరాదు. అది ఒక్కసారే మోగుతుంది. మరల కొట్టుమని అడిగితే అది చివరి గంట కాదు.

ఈ సందర్భంలో సత్యజిత్ రాయ్ అనుభవం జ్ఞాపకం చేసుకొనదగినది. 'పథేర్ పాంచాలీ' చిత్రీకరణను ఆయన 1952 అక్టోబరు 27న తెల్లని రెల్లుపూల పొలంలో ఆరంభించినారు. ఆయన అప్పుడు ఒక ప్రకటనల సంస్థలో ఉద్యోగి. చిత్రీకరణకు సెలవు దినాలే ఆధారం. ఛాయాగ్రాహకుడైన సుబ్రత మిత్రా అంతకుముందు చలనచిత్ర కెమెరా నడిపి ఎరుగడు. తరువాతి వారం మిగిలిన భాగం తీయుటకు పోయి చూడగా పొలంలో పూలు లేవు, పశువులు మేసిపోయినవి. మరల పూలు పూచే ఋతువు వరకు ఆగవలసి వచ్చినది. ఆయనకు మరుసటి ఏడు పూలు పూచినవి. విద్యార్థికి అట్టి అవకాశం సాధారణంగా ఉండదు. కనుక మరల దొరకనిది ఏదో ముందుగా గుర్తించి, దానినే ముందుగా భద్రం చేసుకోవలెను.

ముగ్గురి మధ్య పని

ముగ్గురం ముగ్గురు దర్శకులమైతే చిత్రం సాగదు. ఒకడు కెమెరా చూచేవాడు, ఒకడు శబ్దం చూచేవాడు, ఒకడు పట్టిక చేత పట్టుకొని గడియారం చూచేవాడు. మాలో పట్టిక పట్టినవానిదే తుది మాట అని ముందే ఒప్పుకొన్నాము. అభిప్రాయభేదాలు రాత్రి భోజనం దగ్గర తీర్చుకొనవచ్చును. ఎండ తిరిగిపోతున్నప్పుడు కాదు. ఆరుగురు మిత్రులు "మేమూ వస్తాము" అన్నారు. వారిలో ఒక్కరినే పిలిచినాము, అదికూడ గేటు దగ్గర నిలిచి అరగంటసేపు మోటారు సైకిళ్ళను ఆపుటకు. పని లేని మనిషి చిత్రీకరణ స్థలంలో ఉంటే, అతడు మాట్లాడుతూనే ఉంటాడు.

వెలుతురు, కెమెరా

మాకు ఉన్నది ఒక సెల్‌ఫోను, అరువు తెచ్చిన ట్రైపాడు. నేటి సెల్‌ఫోను సాధారణమైనదైనను చిన్న చిత్రానికి చాలును. కొన్ని జాగ్రత్తలు మాత్రం పాటించవలెను.

ఫోనును అడ్డంగానే పట్టవలెను. కాల్స్ రాకుండ విమాన ప్రయాణపు మోడులో పెట్టవలెను. లేకున్న మంచి షాటు మధ్యలో ఇంటినుండి పిలుపు వస్తుంది. ముఖం మీద వేలుంచి ఫోకసును, వెలుతురు కొలతను స్థిరపరచవలెను. లేకున్న మనిషి కదలినప్పుడెల్ల బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. జూమ్ చేయుటకు బదులు నాలుగడుగులు ముందుకు నడవవలెను.

మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో వస్తుంది. అందువలన పాత ట్యూబులైటు వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చి తగ్గుతుంది. కంటికి తెలియని ఆ మినుకు కెమెరాలో చారలుగా కనబడుతుంది. షట్టరు వేగం మార్చుకొనే వీలుంటే సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో నిలుపవలెను. వీలులేకున్న ట్యూబులైటు ఆర్పి మనిషిని కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టుట మేలు. కిటికీ వెలుగు ఒక చెంపమీద పడగా, రెండవ వైపు ఒక తెల్లని చార్టు కాగితం పట్టుకొంటే నీడ మెత్తబడుతుంది. మా లైటింగు ఖర్చు మొత్తం ఆ చార్టు కాగితమే.

మరొక మాట. వెనుకటి రోజులలో 16 మిల్లీమీటర్ల ఫిల్ము నూరు అడుగుల చుట్ట సుమారు రెండు నిమిషాల నలుబదిఐదు సెకన్లలో అయిపోయేది. ఆ భయం చేత విద్యార్థులు ముందు ఆలోచించి తరువాత మీట నొక్కేవారు. నేడు ఆ భయం లేదు; రోజంతా తీయవచ్చును. కాని తీసినదంతా మరల కూర్చొని చూడవలెను గదా! మూడు గంటల దృశ్యాలను ఒక్కసారి చూచుటకే మూడు గంటలు కావలెను. సమయం లేనివాడు తక్కువ తీయుట నేర్చుకోవలెను. మేము ప్రతి షాటును మొదట కెమెరా ఆపి ఒకమారు నడిపి చూచుకొని, తరువాత రెండు టేకులకు మించకుండ తీశాము.

మేము పోగొట్టుకొన్న మాట

ఇప్పుడు మా పొరపాటు. రెండవ రోజు మధ్యాహ్నం, చివరి గంటకు ఇంకను రెండు గంటల వ్యవధి ఉండగా, చాచాను ఆఫీసు ప్రక్క గదిలో కూర్చుండబెట్టి "ఈ ముప్పదియొక్క ఏండ్లలో జ్ఞాపకమున్నది చెప్పండి చాచా" అని అడిగినాము. ఆయన ఇరువది నిమిషాలు చెప్పినారు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో గడియారం తప్పు చూచి అరగంట ముందు గంట కొట్టగా కళాశాల అంతా ఇంటికి పోయిన సంగతి చెప్పినారు. కుమార్తె పెండ్లి రోజున కూడ వచ్చి ఉదయపు గంట కొట్టి, అటునుంచి అటే పెండ్లి పందిరికి పోయిన సంగతి చెప్పి, కొంచెంసేపు మాటలాడకుండ ఊరుకున్నారు. మా ముగ్గురి కండ్లు చెమర్చినవి. చిత్రం పండినదని సంతోషించినాము.

రాత్రి విని చూడగా తలపైన తిరుగుతున్న ఫ్యాను చప్పుడు తప్ప మరేమియు లేదు. ఫోను ఆయనకు పది అడుగుల దూరంలో ట్రైపాడు మీద ఉన్నది. మన చెవి మనకు కావలసిన మాటను ఏరుకొని ఫ్యానును వదిలివేస్తుంది. మైకుకు ఆ వివేకం లేదు, దగ్గర ఉన్నదానినే పెద్దగా పట్టుకొంటుంది. గదిలో ఫ్యాను ఉన్నదన్న సంగతియే మాకు స్ఫురించలేదు. అప్పటికే చాచా స్వగ్రామానికి బస్సు ఎక్కినారు. మరునాడు ఫోను చేసి "మరొక్కసారి చెప్పండి చాచా" అని బ్రతిమాలినాము. ఆయన నవ్వి, "బోల్ దియా నా బేటా, అబ్ ఔర్ క్యా బోలూ" అన్నారు. ఒకసారి మనసు విప్పి చెప్పిన మాటను కోరినప్పుడు మరల చెప్పుమనుట న్యాయం కాదని అప్పుడు తెలిసినది.

కనుక మిత్రులారా, బొమ్మ కొంచెం మసకగా ఉన్నను ప్రేక్షకుడు క్షమిస్తాడు. మాట వినబడకపోతే క్షమించడు. మాట తీయదలచినప్పుడు ఫ్యానును, కూలరును ఆపవలెను; చెమట పట్టినా పదినిమిషాలు ఓర్చుకోవలెను. రెండవ ఫోనును రికార్డింగు పెట్టి మాట్లాడే మనిషి చొక్కా జేబులోనో, ఎదుట బల్ల మీదనో ఫ్రేములో పడకుండ ఉంచవలెను. షాటు మొదట ఒక చప్పట్లు కొడితే, ఆ చప్పుడును, చేతులు కలిసిన బొమ్మను జతచేసి రెండు రికార్డులను కలుపుట సులభం. పిదప అందరు మౌనంగా ఉండి ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేసుకోవలెను. ఎడిటింగులో అతుకులు కప్పుటకు అది పనికివస్తుంది. అన్నింటికంటె ముఖ్యంగా, మనిషి లేచి వెళ్ళకముందే చెవికి ఇయర్ ఫోను పెట్టుకొని విని చూచుకోవలెను. ఆ పని రెండు నిమిషాలది. మేము చేయలేదు.

ఎడిటింగు బల్ల దగ్గర

మాట పోయినది కనుక చిత్రాన్ని మాట లేకుండ నిలుపవలసి వచ్చినది. 1920 ప్రాంతంలో రష్యా దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒక నటుని ఒకే ముఖాన్ని ఒకసారి పులుసు గిన్నె ప్రక్కన, ఒకసారి శవపేటిక ప్రక్కన అతికించి చూపగా, ప్రేక్షకులు ఆ ముఖంలో ఒకసారి ఆకలిని, ఒకసారి దుఃఖాన్ని చూచినారని ప్రసిద్ధి. అర్థం ఒక షాటులో కాక, రెండు షాట్ల కలయికలో పుడుతుందన్నమాట. చాచా తాళాల గుత్తిని బల్లమీద పెట్టే షాటు తరువాత ఖాళీ వసారా పెట్టినాము. ఆ ఖాళీ వసారాను ఒంటరిగా చూస్తే ఏమియు లేదు. తాళాల తరువాత చూస్తే ఉన్నది.

ఇరువదినాలుగు షాట్లలో పదిహేడు మాత్రమే మిగిలినవి. ఎంతో శ్రమపడి మిద్దెమీదినుండి తీసిన షాటును తీసివేయుటకు మనస్సు ఒప్పలేదు. కాని శ్రమపడి తీసినామన్నది ప్రేక్షకునికి అవసరం లేని సంగతి. రెండవ ఫోను పుణ్యమా అని గంట చప్పుడు మాత్రం స్వచ్ఛంగా వచ్చినది. గేటు దగ్గర బండ్లను ఆపిన మిత్రుని సేవ ఇక్కడ ఫలించినది. చివరి దెబ్బ తరువాత ఆ ఇనుప ముక్క చాలాసేపు వణుకుతూ ఉంటుంది. ఆ వణుకు ఆగేవరకు షాటును కత్తిరించలేదు.

పేర్లను, రెండు వాక్యాల పరిచయాన్ని తెలుగులోను ఉర్దూలోను వేసినాము. ఉర్దూ కుడినుండి ఎడమకు నడిచే లిపి. కొన్ని ఎడిటింగు సాధనాలు దానిని తారుమారు చేసి అక్షరాలను విడదీస్తాయి. కనుక ఉర్దూ తెలిసిన అధ్యాపకులకు చూపించి సరిచూచుకొనుట అవసరం. సినిమా పాటలను తెచ్చి అతికించుట కూడదు. అవి 1957 నాటి కాపీరైటు చట్టం రక్షణలో ఉన్నవి. చిత్రంలో కనబడే మనిషి అనుమతిని తీయకముందు ఒకసారి, పూర్తి అయిన తరువాత చూపించి ఒకసారి తీసుకొనుట మర్యాద.

ముగింపు

చిత్రాన్ని చాచా కుమారుని ఫోనుకు పంపినాము. రెండు రోజుల తరువాత జవాబు వచ్చినది: "ఘంటీ సహీ బజీ బేటా." ఆయన మాట చిత్రంలో లేదని ఆయన అడుగలేదు. మాకు మాత్రం ఆ లోటు తెలియును.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఇట్టి ప్రయత్నాలకు పెద్ద నిధులు అక్కరలేదు. సెలవు రోజున ఒక గది తాళంచెవి, విద్యార్థులందరు వంతులవారీగా వాడుకొనుటకు చొక్కాకు తగిలించుకొనే ఒక చిన్న మైకు, తీసిన చిత్రాలను గ్రంథాలయంలో పుస్తకాలవలె దాచియుంచే ఏర్పాటు – ఇవి ఉంటే చాలును. ప్రతి ఏడు ఎవరో ఒకరు పదవీ విరమణ చేస్తూనే ఉంటారు, ఏదో ఒక పాత గోడ పడిపోతూనే ఉంటుంది. వారి మాటను, దాని రూపును భద్రపరచే పని విద్యార్థులు చేయగలరు.

విద్యార్థి మిత్రులకు చెప్పవలసినది ఒక్కటే. పెద్ద పరివారం కొరకు, పెద్ద సెలవుల కొరకు ఎదురుచూడకండి. మీ పట్టికలో ఉన్న ఒక మనిషిని, ఒక స్థలాన్ని, ఒక ప్రశ్నను తీసుకొని బయలుదేరండి. బయలుదేరేముందు ఫ్యాను ఆపుట మరువకండి.